పెట్రోలు ధర – మన రోడ్డు చరిత్ర

ఒంటిమిట్ట అనగానే ఎవరికైనా కోదండరాముడు, ఏకశిల, చెరువు గుర్తుకొస్తాయి. ఊరి చరిత్ర రాసినవారు ఎక్కువగా వీటి గురించే రాశారు. ఊరికి ఇంకొక చరిత్ర కూడా ఉంది. అది కడప నుంచి రాజంపేట, కోడూరు మీదుగా రేణిగుంటకు పోయే రోడ్డుది. కోడూరు పండ్ల లారీలు, మంగంపేట ముగ్గురాయి లారీలు, తిరుపతి యాత్రికుల బస్సులు తిరిగే రోడ్డు ఇది. మన బడికి చుట్టుపక్కల పల్లెల పిల్లలు, కడప నుంచి అయ్యవార్లు వచ్చిందీ దీని మీదే. ఈ రోడ్డు మీద ఏ కాలంలో ఏ బండి తిరగాలో చాలావరకు తేల్చింది పెట్రోలు, డీజిలు ధరలే. మన సంఘానికి యాభై ఏళ్లు నిండిన ఈ వేళ ఆ ధర ఎందుకు ఎక్కింది, ఎందుకు దిగింది, బండి తోలే మనిషి ఏం చేశాడు అన్నది ఒకసారి నెమరు వేసుకుందాం.

బొగ్గు బస్సుల కాలం

ధర కంటే ముందు కరువు వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో 1941లో పెట్రోలుకు రేషన్ పెట్టారు. 1942లో బర్మా జపాను వశం కావడంతో అక్కడి నూనె బావుల నుంచి మనకు వచ్చే సరుకు ఆగిపోయింది. బస్సుల యజమానులు బస్సులకు బొగ్గు పొయ్యిలు తగిలించారు. ఆ పొయ్యిలో బొగ్గును కాల్చి, వచ్చే గ్యాసుతో ఇంజను నడిపేవారు. బయలుదేరే ముందు క్లీనరు చాలాసేపు పొయ్యి రాజేయాలి. మిట్ట వస్తే ప్రయాణికులు దిగి తోయాలి. అయినా ప్రయాణం ఆగలేదు, ఇంధనం మాత్రం మారింది. తరువాత ఎనభై ఏళ్లలో జరిగింది కూడా దాదాపు ఇదే.

1973: ఎడ్లబండి మీద పార్లమెంటుకు

1973 అక్టోబరులో అరబ్బు దేశాలకు, ఇజ్రాయెల్‌కు యుద్ధం వచ్చింది. అరబ్బు దేశాలు చమురు సరఫరా తగ్గించాయి. పీపా 3 డాలర్లు ఉన్న ముడి చమురు కొద్ది నెలల్లోనే 12 డాలర్లకు చేరింది. అప్పట్లో మన దేశం వాడే ముడి చమురులో ఎక్కువ భాగం బయటి నుంచి వచ్చేదే. ప్రభుత్వం పెట్రోలు ధర బాగా పెంచింది. దానికి నిరసనగా ఆ నవంబరులో అటల్ బిహారీ వాజ్‌పేయి ఎడ్లబండి మీద పార్లమెంటుకు వెళ్లారు.

ఆ దెబ్బ తరువాత విదేశీ చమురు కంపెనీలు ప్రభుత్వ పరమయ్యాయి. 1974లో ఎస్సో కంపెనీ హిందుస్థాన్ పెట్రోలియం అయింది. 1976లో బర్మా షెల్‌ను తీసుకున్నారు, అదే నేటి భారత్ పెట్రోలియం. అక్కడి నుంచి పాతికేళ్లకు పైగా ధర నిర్ణయించింది ఢిల్లీయే. లారీలు, బస్సులు, ట్రాక్టర్లు, బావుల మీది ఆయిల్ ఇంజన్లు డీజిలుతో నడుస్తాయి కాబట్టి డీజిలును తక్కువ ధరకు ఇచ్చారు. దీపం వెలిగించే కిరోసిన్‌ను ఇంకా తక్కువకు ఇచ్చారు. పెట్రోలును కలిగినవాళ్ల సరుకుగా లెక్కగట్టి దాని మీద పన్ను వేశారు.

జనం ఈ తేడాను వెంటనే పసిగట్టారు. అంబాసిడర్ టాక్సీలకు డీజిలు ఇంజన్లు వచ్చాయి. రేషన్ కిరోసిన్ కొందరి చేతుల మీదుగా బండ్ల ట్యాంకుల్లోకి చేరింది. ఆ కల్తీ పట్టుకోవడానికే రేషన్ కిరోసిన్‌కు నీలం రంగు కలిపేవారు. ఇరాన్ విప్లవంతో 1979లో ధర మళ్లీ ఎగిసింది. 1980లో టీవీఎస్ 50 వచ్చింది, 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చింది. 'లీటరుకు ఎంత ఇస్తుంది?' అన్నది బండి కొనేవాడు అడిగే మొదటి మాట అయింది. సైకిలు మీద బడికి వచ్చిన అయ్యవార్లు మోపెడ్‌కు మారింది ఆ పదేళ్లలోనే. తరువాత చమురు చవకైనా ఎవరూ ఎక్కువ తాగే బండికి తిరిగి పోలేదు. ధర దిగినా అలవాటు దిగదు.

కువైట్: అదే చమురు, రెండో కొస

మన జిల్లాకు చమురుతో ఇంకొక బంధం ఉంది. రాజంపేట, రాయచోటి, కడప ప్రాంతాల నుంచి వేలమంది కువైట్ పోయారు. వారిలో ఇళ్లల్లో పని చేసే డ్రైవర్లు చాలామంది. ఇక్కడ బంకులో మనల్ని ఏడిపించిన ధరే అక్కడ మనవాళ్లకు జీతమైంది. చమురు ప్రియమైతే మనకు ఖర్చు పెరుగుతుంది, గల్ఫ్‌లో పనులు కూడా పెరుగుతాయి. చమురు చవకైతే అక్కడి పనులకు గండి పడుతుంది.

1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు రెండు కొసలూ ఒకేసారి తెగాయి. ఇక్కడ చమురు ధర ఎగిసింది, అక్కడ మనవాళ్ల పని పోయింది. ఎయిర్ ఇండియా విమానాల్లో లక్షా డెబ్బై వేలమందికి పైగా భారతీయులను అమ్మాన్ మీదుగా వెనక్కి తెచ్చారు. దేశం దగ్గర విదేశీ డబ్బు అడుగంటింది. 1991లో బంగారం కుదువ పెట్టాల్సి రావడానికి ఈ యుద్ధం కూడా ఒక కారణం.

2016లో దీనికి తిరగబడ్డ ముచ్చట ఒకటి జరిగింది. చమురు పడిపోయి ఖజానా తగ్గేసరికి కువైట్ ప్రభుత్వమే సెప్టెంబరు 1 నుంచి తమ బంకుల్లో పెట్రోలు ధర పెంచింది. బావులున్న దేశంలో కూడా లీటరు ధరను బావి ఒక్కటే నిర్ణయించదని అప్పుడు తెలిసింది.

బంకులో బోర్డు మీది అంకె

పీపా అంటే 159 లీటర్లు. ఆ పీపాను డాలర్లతో కొంటాం. 1990లో డాలరుకు 20 రూపాయల లోపే, 2022 నాటికి 80 దాటింది. అంటే చమురు ధర కదలకపోయినా రూపాయి పడితే మనకు భారమే. దాని మీద శుద్ధి ఖర్చు, రవాణా, బంకు కమీషన్, కేంద్ర ఎక్సైజు సుంకం, ఆ మొత్తం మీద రాష్ట్ర వ్యాట్ పడతాయి. మన రాష్ట్రంలో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, పైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకొక రూపాయి. 2017లో జీఎస్టీ వచ్చినా పెట్రోలును, డీజిలును అందులో చేర్చలేదు.

2008 జూలైలో ముడి చమురు 147 డాలర్లకు ఎక్కినప్పుడు బంకులో పెట్రోలు 100 రూపాయలకు చాలా దూరంలో ఉంది. ఆ నష్టాన్ని ప్రభుత్వం, కంపెనీలు మోశాయి. 2010 జూన్‌లో పెట్రోలు మీద, 2014 అక్టోబరులో డీజిలు మీద ప్రభుత్వ పట్టు వదిలారు. ఎక్కినా దిగినా ధర ఇక మార్కెట్టుతోనే పోవాలి. కానీ 2014 నవంబరు నుంచి 2016 జనవరి వరకు చమురు దిగుతూ ఉంటే ఎక్సైజు తొమ్మిదిసార్లు పెంచారు. 2020లో కరోనాతో చమురు నేలకు పడ్డప్పుడు మే నెలలో ఒక్కసారే పెట్రోలుకు 10, డీజిలుకు 13 రూపాయల సుంకం కలిపారు. 2021లో మన రాష్ట్రంలో పెట్రోలు వంద దాటింది. తరువాత 2021 నవంబరులో, 2022 మేలో కేంద్రం సుంకం కొంత తగ్గించింది. ఆ పన్నుతో రోడ్లు పడ్డాయి, పథకాలు నడిచాయి, అది నిజమే. అయితే సొంత కారులో తిరిగేవాడు, బాడుగ ఆటో తోలి ఇల్లు గడిపేవాడు లీటరుకు ఒకే పన్ను కట్టారు.

తోలేవాడి లెక్క

ఒకప్పుడు ధర నెలకు రెండుసార్లు మారేది. పెరుగుతుందని తెలిస్తే ముందురోజు రాత్రి బంకుల దగ్గర బారులు తీరేవారు. 2017 మే నెలలో విశాఖపట్నంతో కలిపి ఐదు నగరాల్లో రోజువారీ ధర మొదలై, జూన్ 16 నుంచి దేశమంతా అమలైంది. దాంతో ఆ బారులు పోయాయి. పది పైసలు, ఇరవై పైసలుగా పెరుగుతుంటే ఏ రోజు కోప్పడాలో కూడా తెలియకుండా పోయింది. ఎన్నికలప్పుడు మాత్రం ఆ అంకె కదలకుండా నిలబడటం అందరూ చూశారు. 2021 నవంబరు నుంచి 2022 మార్చి దాకా ధర కదల్లేదు. ఐదు రాష్ట్రాల ఎన్నికలు అయ్యాక మార్చి 22 నుంచి పదహారు రోజుల్లో లీటరుకు పది రూపాయలు పెరిగింది.

ధర పెరిగిన మరునాడు ఎవరూ ప్రయాణం మానుకోలేరు. బడి మారదు, ఆసుపత్రి మారదు, తోట మారదు. సర్వీసు ఆటోలో ఇద్దరు ఎక్కువ ఎక్కుతారు. చార్జీ ఐదేసి రూపాయల చొప్పున పెరుగుతుంది, ధర తగ్గినా అది దిగదు. కొందరు డీజిలు మిగులుతుందని ఘాట్లలో బండిని న్యూట్రల్ చేసి దింపుతారు. గువ్వలచెరువు ఘాట్ వంటి చోట ఆ మిగులు ప్రాణం మీదికి తెస్తుంది. దూరం పోయే లారీలు కర్ణాటక, తమిళనాడు సరిహద్దు దాటాక ట్యాంకు నింపుకుంటాయి. లీటరుకు ఐదు రూపాయలు తేడా ఉంటే 300 లీటర్లకు 1,500 రూపాయలు మిగులుతాయి. అక్కడ నింపిన ప్రతి లీటరుతో మన బంకు బేరం పోతుంది, మన రాష్ట్రానికి వ్యాట్ పోతుంది. పన్ను మరీ ఎక్కువైతే రాబడి పక్క రాష్ట్రానికి నడిచిపోతుందన్నమాట.

పెద్ద మార్పు నెమ్మదిగా వస్తుంది. డీజిలు చవకగా ఉన్నన్నాళ్లు డీజిలు కార్లు పెరిగాయి. ఆ తేడా తగ్గాక, కొత్త కాలుష్య నిబంధనలూ వచ్చాక 2020లో మారుతి డీజిలు కార్లే ఆపేసింది. ఇప్పుడు సీఎన్‌జీ, కరెంటు ఆటోలు వస్తున్నాయి. బొగ్గు బస్సు నుంచి కరెంటు ఆటో దాకా మనవాడు ప్రయాణం మానలేదు, బండిని మార్చుకున్నాడు. కొత్త బండి కొనే స్తోమత ఉన్నవాడు ముందు మారాడు. లేనివాడు పాత బండితోనే పెరిగిన ధరను భరించాడు. ఏ ధర పెంపులోనైనా ముందుగా చూడవలసింది ఈ రెండోవాడినే.

ఈ చరిత్ర ఇంకా మన ఇళ్లలోనే ఉంది. లారీ యజమానుల పాత ట్రిప్ షీట్లు, బంకు బిల్లులు, కువైట్ నుంచి వచ్చిన ఉత్తరాలు ఇనప్పెట్టెల్లో ఉన్నాయి. పూర్వ విద్యార్థులు వాటిని తెచ్చి ఇస్తే, అయ్యవార్లు పిల్లల చేత ఏడాదివారీగా రాయిస్తే, లెక్కల పాఠం, సాంఘిక పాఠం ఒకేచోట జరుగుతాయి. మన రోడ్డుకూ ఒక రాతపూర్వక చరిత్ర మిగులుతుంది.