తడి పిండికి మోటారు: మిక్సీ పుట్టుపూర్వోత్తరాలు

వంటింటి చాకిరిలో ముందుగా గడప దాటి వెళ్లిపోయింది పొడి పని. వడ్లు దంచడం రైసు మిల్లుకు పోయింది. తిరగలి పని పిండిమరకు పోయింది. ఏడాదికి సరిపడా మిరపకాయలు ఎండబెట్టి, మూటగట్టి మర దగ్గర వరసలో పెడితే సాయంత్రానికి కారం ఇంటికొచ్చేది. తడి పని మాత్రం ఇల్లు కదల్లేదు. నానిన మినప్పప్పు మర రాళ్ల మధ్యకు పనికిరాదు. అల్లం, పచ్చికొబ్బరి, గోంగూర ఏ పూటకా పూట నూరుకోవాల్సినవే, నిలవ ఉంచితే పాడైపోయేవే. ఊరికి మర వచ్చాక కూడా పెరట్లో రుబ్బురోలు చాలాకాలం కదలకుండా కూర్చోవడానికి కారణం అదే. మిక్సీ పుట్టింది కూడా ఈ మిగిలిపోయిన పని కోసమే.

నూరే రాయి వయసు వేల ఏళ్లు. మొహెంజొదారో తవ్వకాల్లో నడుమ గుంతపడిన రాతి పలకలు, వాటిమీద ముందుకీ వెనక్కీ జరిపే రాళ్లు దొరికాయి. సన్నికల్లు వాడినవాళ్లకు అవేమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. తెలుగింట్లో ఒక్కో పనికి ఒక్కో రాయి ఉండేది. దంచడానికి రోలు, విసరడానికి తిరగలి, ముద్ద నూరడానికి సన్నికల్లు, పప్పు రుబ్బడానికి పొత్రంతో సహా రుబ్బురోలు. వాడగా వాడగా రాయి నునుపెక్కి పప్పు జారిపోతుంటే, ఉలీ సుత్తీ పట్టుకుని వీధుల్లో కేకేసుకుంటూ తిరిగేవాళ్లను పిలిచి గంట్లు కొట్టించేవారు. ఆ తర్వాత మొదటి వాయి రాతిపొడి కలిసి పారబోతకే పోయేది.

ఈ పని ఒంటిచేత్తో సాగేది కాదు. రోకటిపోటుకు ఇద్దరు ముగ్గురు వంతులు వేసుకోవాలి. ఒకరు పొత్రం తిప్పుతుంటే పక్కన కూర్చున్న పిల్ల నీళ్లు చిలకరిస్తూ పిండి లోపలికి తోయాలి. నేదునూరి గంగాధరం, బిరుదురాజు రామరాజు వంటివారు సేకరించిన జానపద గేయాల్లో స్త్రీల పాటలకు పెద్ద చోటు ఉంది. దంపుళ్ల పాటలు, తిరగలి పాటలు ఈ పని అలుపులోంచి వచ్చినవే. కలిగిన ఇళ్లల్లో ఈ చాకిరి కూలికొచ్చిన మనిషిది, లేని ఇళ్లల్లో కోడలిది. అందుకే ఇడ్లీ, గారె చాలా ఇళ్లల్లో పండక్కో, చుట్టాలొచ్చినప్పుడో చేసుకునేవి. మిగతా రోజుల్లో పొద్దున్నే పిల్లల కంచంలో పడేది చద్దన్నమే.

కరెంటుతో తిరిగే బ్లేడు అమెరికాలో పుట్టింది, పప్పు రుబ్బడానికి కాదు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని రాసీన్‌కు చెందిన స్టీఫెన్ పోప్లావ్‌స్కీ, గిన్నె అడుగున బ్లేడు తిరిగే ఏర్పాటుకు 1922లో పేటెంటు కోసం దరఖాస్తు పెట్టాడు. సోడా దుకాణాల్లో మాల్టు పాలు గిలకొట్టడానికి దాన్ని తయారుచేశాడు. 1937లో సంగీత బృందం నడిపే ఫ్రెడ్ వేరింగ్ పెట్టుబడితో మరో బ్లెండరు బజారుకొచ్చి, ఆయన పేరుతోనే బార్లలో, హోటళ్లలో స్థిరపడింది. పళ్లు, పాలు, మంచు ముక్కలు దాకా అయితే ఆ యంత్రాలకు బాధ లేదు. వాటిలో పసుపు కొమ్ము వేస్తే, నీళ్లు పోయని గట్టి పప్పు వేస్తే మోటారు తట్టుకోలేదు.

బొంబాయిలో సీమెన్స్ కంపెనీ ఇంజనీరు సత్యప్రకాశ్ మాథుర్ ఇంట్లో జరిగింది ఇదే. ఆయన భార్య మాధురి వాడుతున్న జర్మనీ మిక్సరు మోటారు మన వంటకు ఆగలేక కాలిపోయింది. దాన్ని బాగుచేసి ఊరుకోకుండా, మన వంటను మోయగల మోటారే తయారుచేయాలని మాథుర్ పూనుకున్నాడు. 1963లో పవర్ కంట్రోల్ అండ్ అప్లయెన్సెస్ అనే కంపెనీ పెట్టారు. 1970 నాటికి ‘సుమీత్’ మిక్సీ అంగళ్లలోకి వచ్చింది. కనిపెట్టిన ఘనత ఇంజనీరుకే రాస్తాం. అయితే ఆ యంత్రం ఏమేం చేయాలో నిర్ణయించిన జాబితా వంటింటిది: ఎండుమిర్చి పొడి కావాలి, తడి కొబ్బరి మెత్తగా నలగాలి, పప్పు గట్టిగా ఉండగానే రుబ్బాలి, అన్నీ ఒకే యంత్రంలో అయిపోవాలి.

ఆ జాబితా వల్లే మన మిక్సీ రూపం మారింది. గాజు గిన్నె పోయి స్టీలు జారు వచ్చింది. పొడికొకటి, చట్నీకి చిన్నదొకటి, పిండికి పెద్దదొకటి. జారు గోడల మీద లోపలికి ఉబ్బిన గట్లు అలంకారానికి పెట్టినవి కావు. గోడకంటుకుని గుండ్రంగా తిరిగే ముద్దను అడ్డుకుని మళ్లీ బ్లేడు మీదకు తోస్తాయి. లోపల ఉండేది యూనివర్సల్ మోటారు. చిన్నదైనా బరువు లేనప్పుడు నిమిషానికి 18 వేల చుట్లు దాకా తిరుగుతుంది. కరెంటును తిరిగే భాగానికి అందించే కార్బన్ బ్రష్‌లు అరిగిపోతే నిప్పురవ్వలు, మాడు వాసన. ముద్ద బిగిసి మోటారు మీద భారం ఎక్కువైతే కరెంటును ఆపేసే చిన్న బటను అడుగున ఉంటుంది. మిక్సీ చచ్చిపోయిందని కంగారుపడి మెకానిక్ దగ్గరకు మోసుకెళితే, అతను దాన్ని తలకిందులు చేసి ఆ బటను నొక్కి ఇచ్చేయడం చాలా ఇళ్లకు తెలిసిన ముచ్చటే.

ఇదే తడి పనికి కోయంబత్తూరు మరో జవాబు చెప్పింది. అక్కడ పి. సభాపతి 1955లో రాతిని రాతిగానే ఉంచి దానికి మోటారు తగిలించారు. అదే వెట్ గ్రైండరు. రాయి నింపాదిగా తిరుగుతుంది కాబట్టి పిండి వేడెక్కదు, బాగా ఒదుగుతుంది. మిక్సీ బ్లేడు వేగానికి పిండి వేడెక్కి ఇడ్లీ గట్టిపడుతుందని కనిపెట్టిన ఆడవాళ్లు చల్లటి నీళ్లు పోసి, ఆపి ఆపి తిప్పడం అలవాటు చేసుకున్నారు. కోయంబత్తూరు గ్రైండరుకు తర్వాత భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. కానీ అది బరువు, ఖరీదు, చోటు కావాలి. మూడు జార్ల మిక్సీ ఇరుకు వంటిళ్లలో కూడా ఇమిడింది. చెన్నైలో 1978లో మొదలైన ప్రీతి వంటి కంపెనీలు పోటీకొచ్చాయి. పెళ్లికూతురి సారె సామాన్లలో బిందెల పక్కన మిక్సీ చేరింది. 2011లో తమిళనాడు ప్రభుత్వం మిక్సీ, గ్రైండరు, ఫ్యాను ఉచితంగా పంచడం మొదలుపెట్టింది. అప్పటికి అది గొప్పింటి వస్తువు కాదు, ప్రతి ఇంటి అవసరం.

1950 ప్రాంతంలో పుట్టిన తెలుగు ఆడమనిషి బతుకులో ఈ మార్పంతా ఇమిడిపోయింది. చిన్నప్పుడు అమ్మ పక్కన కూర్చుని పొత్రం కిందికి పిండి తోసింది. కాపురానికొచ్చాక తనే రుబ్బింది. పిల్లలు బడికెళ్లే రోజుల్లో వాయిదాల మీద మిక్సీ కొనుక్కుంది. కరెంటు పోతే ఎలాగని రోలును పారేయలేదు. కొన్నాళ్లకు అమెరికాలో కూతురి పురిటికి వెళుతూ పెట్టెలో బట్టల మధ్య మరో మిక్సీ సర్దుకుంది. అక్కడి ప్లగ్గులో వచ్చేది 120 వోల్టులు, ఇక్కడి మిక్సీకి కావాల్సింది 230. ట్రాన్స్‌ఫార్మరు తగిలించాకే అది సరిగా తిరిగింది. ఆ గిరాకీ చూసి అక్కడి కరెంటుకు సరిపడే మిక్సీలను మన కంపెనీలే చేసి పంపడం మొదలుపెట్టాయి.

ఆమె చేతుల నొప్పి తగ్గింది. పని తగ్గిందా? అమెరికా చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో ఇదే ప్రశ్న మీద పుస్తకం రాశారు. యంత్రాలు వచ్చాక ఇంటి చాకిరిలో మగవాళ్ల, పిల్లల, పనివాళ్ల వాటా పోయి తల్లి వాటా మిగిలిందని, వంట మీదా శుభ్రత మీదా ఆశలు పెరిగాయని ఆమె వాదన. మన ఇళ్లల్లో ఆ వాదనకు రుజువు కంచంలోనే దొరుకుతుంది. రుబ్బడం తేలికయ్యాక ఇడ్లీ రోజువారీ టిఫినైంది. టిఫినుకొక చట్నీ, అన్నంలోకి పచ్చడి, సాయంత్రం పిల్లలకు జ్యూసు. నీళ్లు చిలకరించే పిల్ల అక్కర్లేదు, వంతుకొచ్చే తోడికోడలు అక్కర్లేదు. ముగ్గురి పని పది నిమిషాలకు తగ్గి, ఆ పది నిమిషాలూ ఒక్కరివే అయ్యాయి.

యంత్రం నైపుణ్యాన్ని చెరిపేసిందనే మాట కూడా పూర్తిగా నిజం కాదు. రోలు నలుపుతుంది, బ్లేడు కోస్తుంది, అందుకే రెండు పచ్చళ్ల రుచీ ఒకటి కాదు. గోంగూర మెత్తటి ముద్ద కాకూడదని నాబును ఎడమకు ఒక్కసారి తిప్పి వదలడం, నువ్వులు నూనె కక్కేలోపు ఆపడం, జారు మూత మీద అరచెయ్యి ఆనించి శబ్దం మారగానే ఉప్పు కోసం అందుకోవడం ఏ కంపెనీ కాగితంలోనూ ఉండవు. రోటి దగ్గర నేర్చిన చెవి, చెయ్యి ఇక్కడ కొత్త పనిలో కుదురుకున్నాయి. రోలు మాత్రం ఇంట్లో హోదా మార్చుకుంది. పెళ్లిలో సన్నికల్లు తొక్కించడానికి, పసుపు దంచడానికి రాయే కావాలి. ఒకప్పుడు ఇంటింటా ఉన్న రోటి పచ్చడిని ఇప్పుడు హోటలు బోర్డు మీద ప్రత్యేకంగా రాసి అమ్ముతున్నారు.

ఫ్రిజ్ వచ్చాక తడి పని కూడా గడప దాటడం మొదలైంది. బెంగళూరులో 2005లో చిన్నగా మొదలైన ఐడీ వంటి కంపెనీలు రుబ్బిన ఇడ్లీ పిండిని ప్యాకెట్లలో దుకాణాలకు చేర్చాయి. వడ్లూ గోధుమలూ వెళ్లిన దారినే చివరికి మినప్పప్పూ వెళుతోంది. మర, మోటారు, ప్యాకెట్ ఒకదాని తర్వాత ఒకటి కండల పనిని తీసుకుపోయాయి. రేపటికి పప్పు నానబోయాలని రాత్రి పడుకోబోయే ముందు గుర్తుపెట్టుకోవడం, ఆఖరి ప్యాకెట్ అయిపోయిందని గమనించడం మాత్రం ఏదీ తీసుకుపోలేదు. అది కరెంటుతో తీరే పని కాదు, ఇంట్లో మిగతావాళ్లు పంచుకుంటేనే తీరుతుంది.