ఐకాన్ హోదా వద్దన్న కెప్టెన్

ఐపీఎల్ తొలి వేలంపాట నాడు మన వీధుల్లో రేగిన వాదన వెనుక కథ ఇది. మ్యాచ్‌లు, తేదీలు, మొత్తాలు యథార్థం. పేర్లు లేని మనుషులు, వాళ్ల మాటలు ఆనాటి వాతావరణాన్ని బట్టి అల్లినవి.

2008 ఫిబ్రవరి 20, బుధవారం.

సాయంత్రం అశోక్‌నగర్ చౌరస్తా దగ్గర చాయ్ దుకాణం కిక్కిరిసింది. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం నుంచి లేచొచ్చిన గ్రూప్స్ అభ్యర్థులు పుస్తకాలు చంకలో పెట్టుకుని టీవీ వైపే చూస్తున్నారు. ముంబయిలో ఆటగాళ్ల వేలంపాట జరుగుతోంది. ధోనీని చెన్నై 15 లక్షల డాలర్లకు దక్కించుకుంది.

“మనోళ్లు ఎవర్ని కొన్నరు?”

“సైమండ్స్‌ని. 13 లక్షల 50 వేల డాలర్లు. మన లెక్కలో అయిదు కోట్ల నలభై లక్షలు.”

ఆ రోజు పాటలో ధోనీ తర్వాత అంత ధర పలికింది అతనికే.

“సిడ్నీలో మన భజ్జీతో గొడవ పెట్టుకున్నోడా? నెలన్నర కాలేదు కద అన్నా!” ఓరుగల్లు కుర్రాడికి కోపం ఆగలేదు.

గుంటూరు నుంచి వచ్చిన అతని రూమ్మేట్ అప్పటికే న్యూస్‌పేపర్ అంచు మీద లెక్క వేస్తున్నాడు. “నెలకి యాభై వేల జీతం అనుకో. ఒక్క రూపాయి ఖర్చు పెట్టకపోయినా, ఆ డబ్బు కూడబెట్టడానికి తొంభై ఏళ్లు పడుతుందిరా. మనం ఇక్కడ చదివేది ఆ యాభై వేల కోసమే కదా.”

ఎవరూ నవ్వలేదు. ఊళ్లో నాన్న అప్పు చేసి పంపిన డబ్బుతో ఇరుకు గదిలో ముగ్గురు సర్దుకుని చదువుకునే వాళ్లకు ఆ అంకె గుండెలో గుచ్చుకుంది.

“మరి లక్ష్మణ్‌కెంత?” చాయ్ పోస్తున్న పెద్దాయన అడిగాడు.

“3 లక్షల 75 వేలు, కాకా.”

“మన పోరడు. అబిడ్స్ లిటిల్ ఫ్లవర్‌ల చదువుకున్నడు. ఈడెన్ గార్డెన్స్‌ల 281 కొట్టినోడు. గంతేనా?”

ఆ పెద్దాయన ప్రశ్నకు జవాబు వేలంపాటకు ముందే ఉంది. తొలి ఐపీఎల్‌లో కొందరికి ఐకాన్ హోదా ఇచ్చారు. సచిన్ ముంబయికి, ద్రవిడ్ బెంగళూరుకు, గంగూలీ కోల్‌కతాకు, సెహ్వాగ్ ఢిల్లీకి, యువరాజ్ మొహాలీకి ఐకాన్లు. జట్టులో అందరికంటే ఎక్కువ ధర పలికిన ఆటగాడి కన్నా 15 శాతం ఎక్కువ ఐకాన్‌కు చెల్లించాలన్నది నిబంధన. ఒక్కో జట్టు ఖర్చుకు పరిమితి 50 లక్షల డాలర్లు.

హైదరాబాద్ జట్టు డెక్కన్ చార్జర్స్‌కు ఐకాన్‌గా ఉండాల్సిన కెప్టెన్ లక్ష్మణ్ ఆ హోదా తనకు వద్దన్నాడు. జట్టు చేతిలో ఎక్కువ డబ్బు మిగిలితే మంచి ఆటగాళ్లను కొనుక్కోవచ్చన్నది ఆయన ఆలోచన. సైమండ్స్ ధర మీద 15 శాతం కలిపితే 15 లక్షల 50 వేల డాలర్లు దాటుతుంది. లక్ష్మణ్‌కు వచ్చింది అందులో నాలుగో వంతు కూడా కాదు. గిల్‌క్రిస్ట్, అఫ్రిదీ, గిబ్స్, రోహిత్ శర్మ అదే జట్టులో చేరారు.

2008 ఏప్రిల్ 24, గురువారం.

ఉప్పల్‌లో రాజస్థాన్‌తో మ్యాచ్. నారాయణగూడలో ఓ హాస్టల్ హాల్లో కూర్చోవడానికి చోటు లేదు. సైమండ్స్ 53 బంతుల్లో 117 పరుగులు చేసి నాటౌట్‌గా నిలిచాడు. స్కోరు 214. ఫిబ్రవరిలో కోప్పడిన ఓరుగల్లు కుర్రాడే ఇప్పుడు కుర్చీ ఎక్కి ఈలలు వేస్తున్నాడు.

చివరి ఓవర్‌లో రాజస్థాన్‌కు 17 పరుగులు కావాలి. బంతి సైమండ్స్ చేతికే వచ్చింది. ఎదురుగా షేన్ వార్న్. అతని ధర 4 లక్షల 50 వేల డాలర్లు, సైమండ్స్ ధరలో సరిగ్గా మూడో వంతు. వార్న్ ఒక ఫోర్, రెండు సిక్సర్లు బాదాడు. ఒక బంతి మిగిలుండగానే మ్యాచ్ చేజారింది.

“అయిదు కోట్లు పోసింది దీనికా!” హాల్లో ఎవరో అరిచారు.

గంట కిందట దేవుడైనవాడు ఇప్పుడు దోషి అయ్యాడు. సెంచరీ ఎవరికీ గుర్తు లేదు, ధర మాత్రం గుర్తుంది. భారీ జీతం అందుకునే ప్రతి ఆటగాడి మీదా పడే బరువు ఇదే. ఓడినప్పుడల్లా అతని ఆటను రూపాయల్లోకి మార్చి చూస్తాం.

ఆ ఏడాది డెక్కన్ 14 మ్యాచ్‌ల్లో రెండే గెలిచి అట్టడుగున నిలిచింది. అన్ని జట్లలోకీ తక్కువ ధరకు అమ్ముడైన రాజస్థాన్ కప్పు ఎత్తుకుపోయింది.

2009 మే 24, ఆదివారం.

జొహాన్నెస్‌బర్గ్‌లో ఫైనల్. గిల్‌క్రిస్ట్ సున్నాకే ఔటయ్యాడు. గిబ్స్ 53 పరుగులతో చివరిదాకా నిలిచాడు. సైమండ్స్ 33 పరుగులు చేసి, రెండు వికెట్లు తీశాడు. బెంగళూరు మీద ఆరు పరుగుల తేడాతో డెక్కన్ చార్జర్స్ చాంపియన్ అయింది. ఏడాది ముందు తిట్లు తిన్న ఆటగాళ్లే హైదరాబాద్‌కు తొలి కప్పు తెచ్చారు.

తర్వాత అంకెలు ఆకాశానికెక్కాయి. 2017లో మళ్లీ అదే ఫిబ్రవరి 20న ఆటో డ్రైవర్ కొడుకు మహమ్మద్ సిరాజ్‌ను హైదరాబాద్ కొత్త జట్టు సన్‌రైజర్స్ 2.6 కోట్లకు కొన్నది. 2023 డిసెంబర్ 19న కమిన్స్‌కు అదే జట్టు 20.5 కోట్లు పెడితే, కోల్‌కతా ఆ రోజే స్టార్క్‌కు 24.75 కోట్లు పెట్టింది. 2024 ఫైనల్లో ఆ స్టార్కే సన్‌రైజర్స్ నడ్డి విరిచాడు. 2024 నవంబర్‌లో రిషభ్ పంత్ ధర 27 కోట్లు. తొలి వేలంపాటలో అంత ధర పలికిన సైమండ్స్ మాత్రం 2022 మేలోనే కారు ప్రమాదంలో కన్నుమూశాడు.

ఈ ధరలను ఆటగాడు నిర్ణయించడు. జట్ల చేతిలో ఎంత డబ్బుంది, అలాంటి ఆటగాళ్లు ఎందరున్నారు, ఎన్ని జట్లు పోటీ పడ్డాయి అన్నవే నిర్ణయిస్తాయి. అది తెలియక మనం మనిషినే తూకం వేస్తున్నాం. తన వంతు డబ్బు వదులుకున్న లక్ష్మణ్‌ను మాత్రం ఆ అట్టడుగు సీజన్ లెక్కల్లో మరిచిపోయాం.

మళ్లీ వేలంపాట వస్తుంది. అశోక్‌నగర్ గదుల్లో ఇంకో తరం కుర్రాళ్లు మళ్లీ లెక్కలు వేస్తారు. తమ్ముళ్లూ, ఆటను ఆటగా తిట్టండి, పొగడండి. ధరను బట్టి మాత్రం మనిషిని ద్వేషించకండి. జట్టు కోసం ఒక హైదరాబాదీ ఏం వదులుకున్నాడో మీ తర్వాతి వాళ్లకు చెప్పండి.