వాహ్యాళి నేల: గుర్రానికి ఎంత చోటు కావాలి?



సాయంకాలం అలా నడిచి వస్తే వాహ్యాళికి వెళ్ళామంటాం. ఈ మాటకు మొదటి అర్థం నడక కాదు. గుర్రమెక్కి తిరగడం వాహ్యాళి. అలా తిరిగే చోటు వాహ్యాళి భూమి. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుని పేరుతో వెలసిన సంస్కృత గ్రంథం ‘మానసోల్లాసం’లో వాజివాహ్యాళి అని ఒక ప్రకరణమే ఉంది. రాజు గుర్రమెక్కి తన నేర్పు చూపడం, రెండు జట్లుగా చేరి గుర్రాల మీద బంతి ఆడడం అందులో వర్ణించారు. తరవాతి కాలంలో గుర్రం పోయింది, మైదానం పోయింది, మాట మాత్రం కాలినడకకు మిగిలింది.

మా రాజపాళయం పేరు చెప్పగానే అందరికీ తెల్లని వేటకుక్క గుర్తుకు వస్తుంది. 2005లో తపాలాశాఖ దాని బొమ్మతో స్టాంపు కూడా వేసింది. కాని విజయనగర కాలంలో తెలుగుదేశం విడిచి ఈ పడమటి కనుమల దిగువకు వచ్చిన రాజుల పూర్వులు ఎరిగిన లోకంలో, యుద్ధానికి ప్రాణం గుర్రం. మనకు పది పన్నెండు కిలోమీటర్ల దూరంలోని శ్రీవిల్లిపుత్తూరు గోదాదేవి కథను కావ్యం చేసిన కృష్ణదేవరాయలు, ఆ ‘ఆముక్తమాల్యద’లోనే రాజనీతి చెబుతూ గుర్రాల సంగతి ఎత్తాడు. దూరదేశాల నుంచి ఏనుగులను, మేలైన గుర్రాలను తెచ్చే వర్తకులను ఆదరించాలి, ఆ సరుకు శత్రువులకు చేరనీయకూడదు అన్నాడు. విజయనగర రాజు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు.

అయితే గుర్రాన్ని కొనడం ఒక ఎత్తు, దాన్ని తీర్చిదిద్దడం ఒక ఎత్తు. అందుకే కాకతీయుల కాలంలోనే సాహిణి అనే మాట గౌరవంగా పేరు చివర నిలిచింది. సాహిణి అంటే అశ్వశిక్షకుడు, అశ్వదళాధిపతి. గణపతిదేవుని సేనానులలో గంగయ సాహిణి ప్రసిద్ధుడు. మన చరిత్ర పాఠాల్లో గుర్రాల లెక్కలు ఉంటాయి. అవి శిక్షణ పొందిన నేల ఊసు మాత్రం అరుదు. ఆ నేల ఎంత ఉండాలి?

కౌటిల్యుని అర్థశాస్త్రం ఇందుకు మంచి దారి చూపుతుంది. లాయం వెడల్పు గుర్రం పొడవుకు రెండింతలు ఉండాలంటుంది. ఒక్కొక్క గుర్రం నిలిచే చోటు, దాని పొడవు ఎంతో అంత చదరంగా ఉండాలి. గుర్రం పొర్లడానికి నడుమ ఖాళీ నేల విడవాలి. యజమాని హోదా కాదు, గుర్రం ఒడ్డూ పొడుగే అక్కడ కొలబద్ద. స్వారీ మైదానానికి కూడా ఇదే సూత్రం పనికివస్తుంది. కాకపోతే నిలిచిన గుర్రాన్ని కాదు, మలుపు తిరిగే గుర్రాన్ని కొలవాలి.

1768లో లండన్‌లో ఫిలిప్ ఆస్ట్లీ అనే మాజీ అశ్వదళ సైనికుడు గుర్రపు విన్యాసాల ప్రదర్శన మొదలుపెట్టాడు. గుండ్రంగా పరుగెత్తే గుర్రం మీద నిలబడితే తూకం సులువుగా కుదురుతుందని అతను గ్రహించాడు. బడిలో పిల్లలకు మేము చెప్పే అపకేంద్ర బలం ఇక్కడ పని చేస్తుంది. చివరికి అతను స్థిరపరచిన వలయం అడ్డుకొలత 42 అడుగులు. సర్కస్ రింగుకు నేటికీ అదే కొలత. మన కోడి రామమూర్తి నాయుడు సర్కస్ నడిపిన నాటికే ఆ కొలత లోకమంతా పాకింది.

కాని 42 అడుగులు వేడుకకు సరిపోయినట్టు చదువుకు సరిపోవు. అంత చిన్న వలయంలో రోజూ దౌడు తీస్తే లోపలి వైపు కాళ్ళ కీళ్ళ మీద భారం పడుతుంది. లేత వయసు గుర్రమైతే మరీ ప్రమాదం. అందుకే స్వారీ నేర్పేచోట 20 మీటర్ల వలయాన్ని ప్రాథమిక పాఠంగా పెట్టుకున్నారు. 20 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల పొడవు గల మైదానంలో అటువంటి వలయాలు రెండు సరిగ్గా ఇముడుతాయి. 60 మీటర్ల పొడవైతే మూడు ఇముడుతాయి. అంతర్జాతీయ డ్రెస్సేజ్ పోటీల మైదానం ఈ 20, 60 మీటర్లదే. మన లెక్కలో మొదటిది దాదాపు 20 సెంట్లు, రెండవది 30 సెంట్లు. పోలో మైదానమైతే 300 గజాల పొడవు, 160 గజాల వెడల్పు, అంటే పది ఎకరాలకు రవంత తక్కువ.

అలాగని పెద్దదైతే మేలనుకోకూడదు. కొత్తగా నేర్చుకునే పిల్లవాడిని హద్దు లేని బయలులో వదిలితే, గుర్రం ఊపందుకున్నాక కళ్ళెం అతని చేతికి లొంగదు. యుద్ధగుర్రం సంగతి వేరు. దానికి తిన్నగా, దూరంగా పరుగు కావాలి. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన దొమింగో పాయెస్ రాసిన సంగతి ఇక్కడ అర్థవంతం. రాయలు వేకువకు ముందే లేచి, నూనె తాగి, సాముచేసి, మల్లులతో కుస్తీ పట్టి, ఆపై గుర్రమెక్కి తెల్లవారేదాకా మైదానంలో ఇటూ అటూ దౌడు తీయించేవాడట. ఆ రాజుకు గోడల నడుమ 30 సెంట్లు చాలవు. మన పిల్లవాడికి ఆ బయలు తగదు.

నేడు పట్టణాల అంచుల్లో స్వారీ నేర్పే కేంద్రాలు వెలుస్తున్నాయి. పిల్లలను చేర్చే తల్లిదండ్రులు గుర్రం రంగు, జీను మెరుపు చూసి మురిసిపోకుండా, ముందు నేల చూడాలి. గుర్రం 20 మీటర్ల చుట్టు తిరగగలుగుతుందా? చుట్టూ కంచె ఉందా? ఇసుక మరీ లోతుగా లేకుండా, వాన నీరు నిలవకుండా ఉందా? చోటు చాలకపోతే ముందు బాధపడేది నోరులేని గుర్రం. దాని కాలు తడబడితే తరవాత పడేది మన బిడ్డ.

ఈ నాలుగు ప్రశ్నలూ అడిగి వచ్చిన సాయంకాలం, ఇంట్లో పిల్లలకు వాహ్యాళి అనే మాట అసలు అర్థం కూడా చెప్పండి. అరవనాట పుట్టి పెరుగుతున్న మన పిల్లలకు ఆ మాట మనం చెబితేనే తెలుస్తుంది.