ఈ ఏడాది చదివిన నవలలు, వాటిలో మా పల్లె (భాగం 14)



ఈ సిరీస్‌లో ఇన్నాళ్ళూ పోరాటాల చరిత్ర రాశాను. ఈసారి నవలల గురించి రాస్తున్నాను. ఇదీ మన చరిత్రే. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

కిందటేడు డిగ్రీ సెకండియర్ వాళ్ళకి తెలుగు నవల పుట్టుక, ఎదుగుదల పాఠం చెప్తున్నాను. పాఠం అయిపోయాక వెనక బెంచీలోంచి ఒక పిల్లాడు లేచాడు. మనోడే. హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. "మేడమ్, మనోళ్ళు డిటెక్టివ్‌గా ఉన్న నవల ఏదన్నా ఉందా?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. స్టాఫ్ రూముకొచ్చి కూర్చున్నాక నవ్వు ఆగిపోయింది. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసినదాన్ని. నాకు ఒక్క పేరూ గుర్తుకు రాలేదు.

అప్పుడు అనుకున్నాను, ఒక ఏడాది పాటు అన్ని రకాల నవలలూ చదవాలని. దళిత నవలలు ఎలాగూ చదువుతాను. వాటితో పాటు డిటెక్టివ్, ప్రేమ కథ, చారిత్రకం, సైన్స్ ఫిక్షన్, ఏదైనా సరే. ఒక నోటుబుక్కు పెట్టుకుని ప్రతి నవలకీ ఒకే ప్రశ్న రాసుకున్నాను: ఇందులో మనం ఎక్కడున్నాం? ముప్పైకి పైగా చదివాను. మనసులో నిలబడిపోయినవి కొన్నే. వాటి గురించే ఇది.

మొదలు నుంచీ మొదలుపెడదాం. తెలుగులో తొలి నవల ఏదన్న దాని మీద మా పండితులకి పాత తగువు ఉంది. కందుకూరి 'రాజశేఖర చరిత్ర' 1878 నుంచి పత్రికలో వచ్చింది. అంతకు ముందే, 1872లో, నరహరి గోపాలకృష్ణమ చెట్టి 'శ్రీరంగరాజ చరిత్ర' రాశారు. దానికే 'సోనాబాయి పరిణయం' అని ఇంకో పేరు. మా ఎమ్మేలో ఈ తగువు మీద పది మార్కుల ప్రశ్న వచ్చేది. కథ ఏమిటని మాత్రం ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

కథ ఇది. రంగరాజు లంబాడీల్లో పెరిగిన సోనాబాయిని ప్రేమిస్తాడు. చివరికి ఆమె పుట్టుకతో లంబాడీ కాదని, క్షత్రియ పిల్లని తేలుతుంది. అప్పుడు పెళ్ళి. చూశారా, మన నవల పుట్టిన రోజునే ప్రేమకి కులం సర్టిఫికెట్ అడిగారు. ఆ తర్వాత నూట యాభై ఏళ్ళలో మన సినిమాల్లో, సీరియళ్ళలో ఈ మలుపు ఎన్నిసార్లు చూశామో లెక్కపెట్టుకోండి. పేదింటి పిల్ల చివర్లో జమీందారు బిడ్డని తేలుతుంది. ఇది నాకు నచ్చిన నవల కాదు. కానీ ఇది చదవకపోతే తర్వాత వచ్చినవాటి విలువ తెలిసేది కాదు.

యాభై ఏళ్ళు ముందుకు రండి. 1922, 'మాలపల్లి'. ఉన్నవ లక్ష్మీనారాయణ సహాయ నిరాకరణ రోజుల్లో జైల్లో ఉండి రాశారు. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఈ నవలని నేను నాలుగోసారి చదివాను. మొదటి మూడుసార్లూ పరీక్షల కోసం, థీసిస్ కోసం. ఈసారి మామూలు పాఠకురాలిగా చదివాను.

పరీక్షల్లో మేం రాసేది సంగదాసు గురించి. మంచివాడు, చదువుకున్నవాడు, చౌదరయ్య చేతిలో దెబ్బ తిని చనిపోతాడు. తండ్రి రామదాసు భక్తుడు, వేదాంతి. బ్రాహ్మణ రచయిత ఒకాయన మాల కుటుంబాన్ని నవల మధ్యలో నిలబెట్టడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. గుంటూరు ప్రాంతపు మాటని పుస్తకంలోకి తేవడమూ చిన్న విషయం కాదు. ఆయనకి ఆ గౌరవం ఇవ్వాల్సిందే. కానీ ఈసారి నన్ను పట్టుకున్నవాడు సంగదాసు కాదు, వాళ్ళన్న వెంకటదాసు. అతను ఓర్చుకోలేదు. తక్కెళ్ళ జగ్గడన్న పేరుతో ఉన్నవాళ్ళని దోచి లేనివాళ్ళకి పెట్టాడు. ఉన్నవ గారి మనసు సంగదాసు దగ్గరే ఉందని చదువుతుంటే తెలుస్తుంది. అయినా జగ్గడు వచ్చినప్పుడల్లా పుస్తకం పరుగెత్తుతుంది.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఈ నవల రావడానికి ఐదేళ్ళ ముందే, 1917లో, బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన మనవాళ్ళు సభ పెట్టుకున్నారు. పంచములు అన్న పేరు మాకొద్దు, మేం ఆది ఆంధ్రులం అన్నారు. 1921 నాటికే కుసుమ ధర్మన్న 'మాకొద్దీ నల్లదొరతనం' రాశారు. అంటే నవలలో మనవాళ్ళు ఓర్పు నేర్చుకుంటున్న రోజుల్లో, బయట మనవాళ్ళు తమకి తామే పేరు పెట్టుకున్నారు. 'మాలపల్లి' పాఠం చెప్పేటప్పుడు ఈ రెండు సంవత్సరాలూ బోర్డు మీద పక్కపక్కనే రాస్తున్నాను ఇప్పుడు.

ఇక ఆ పిల్లాడి ప్రశ్న. డిటెక్టివ్ నవలలు నేను ఎప్పుడూ చదవలేదు. వాటిని సాహిత్యం కాదని మాకు నేర్పారు. ఈ ఏడాది పాత పుస్తకాల షాపులో కొమ్మూరి సాంబశివరావు నవలలు ఆరు దొరికాయి. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు. నిజం చెప్పాలంటే ఒక్కొక్కటీ ఒక్క రాత్రిలో అయిపోయింది. తెల్లారి క్లాసులో ఆవలింతలు. మాకు నేర్పినవాళ్ళు ఇవి దిండు కింద పెట్టుకుని చదివే ఉంటారు.

యుగంధర్ కథల్లో నాకు నచ్చింది ఒక నమ్మకం. హత్య జరుగుతుంది. ఎవరు చేశారో ఎవరికీ తెలియదు. తెలివైనవాడు ఒకడు వచ్చి ఆధారాలు పోగేస్తాడు. నిజం బయటపడగానే న్యాయం జరిగినట్టే. పుస్తకం మూసేసి హాయిగా పడుకోవచ్చు.

మరి మన దగ్గర? 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. ఎవరు చేశారో ఊరందరికీ తెలుసు. పట్టపగలు జరిగింది. యుగంధర్ రావాల్సిన పనే లేదు. ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకోవడానికి మనవాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది.

అప్పుడు నాకు అర్థమైంది. మనోడు డిటెక్టివ్‌గా ఉన్న నవల ఎందుకు రాలేదంటే, మన కథలో 'ఎవరు చేశారు' అన్నది ప్రశ్నే కాదు. మన కథలో నిజం మొదటి పేజీలోనే తెలిసిపోతుంది. ఆ తర్వాత మూడు వందల పేజీలూ ఆ నిజాన్ని ఎవరు వింటారన్నదే. అలాంటి డిటెక్టివ్ నవల రాయడం కుదరదని కాదు. ఎవరో రాయాలి. క్లాసులో ఆ పిల్లాడికి ఇదే చెప్పాను. వాడు చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఇంకో ప్రశ్న వేశాడు. "మరి మన తాతలు ఎందుకు ఊరుకున్నారు మేడమ్? అన్నేళ్ళు ఎందుకు తలొంచుకున్నారు?"

దీనికి జవాబు చెప్పే ముందు మా అమ్మ గురించి చెప్పాలి.

మా అమ్మ ఆడపిల్లల హాస్టల్లో ఆయా. ఐదో తరగతి వరకూ చదువుకుంది. హాస్టల్ పిల్లలు పారేసిన వారపత్రికలు, అట్టలూడిన నవలలు ఇంటికి తెచ్చుకునేది. సాయంత్రం మా పల్లెలో ఆడవాళ్ళు అరుగు మీద చేరితే కథ చెప్పేది. నా చిన్నప్పుడు నేను విన్న మొదటి నవల యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'. అరవైల్లో వచ్చిన నవల. జయంతి, రాజశేఖరం. ఆ పేర్లు మా పల్లెలో చదువు రాని ముసలమ్మలకి కూడా తెలుసు. అందులో ఒక సీను నాకు కంఠతా వచ్చు. రాజశేఖరం కారు దిగి, చెరువు గట్టు దాటి, జయంతి వాళ్ళ పల్లెకి నడిచొస్తాడు. మంచినీళ్ళు అడుగుతాడు. ఇవ్వాలా వద్దా అని జయంతి చెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోతుంది. అతను చెంబు అందుకుని గటగటా తాగేస్తాడు. ఆ సీను దగ్గర అరుగు మీద ఒక్కరూ మాట్లాడేవాళ్ళు కాదు.

ఈ ఏడాది 'సెక్రటరీ' మొదటిసారి నేనే చదివాను. ఆ సీను కోసం వెతుక్కుంటూ చదివాను. లేదు. చెరువు గట్టు లేదు, పల్లె లేదు, చెంబు పట్టుకుని ఆగిపోవడమూ లేదు. జయంతి మా మనిషే కాదు. ముప్పై ఏళ్ళుగా నేను యద్దనపూడి రాసిందనుకున్నది మా అమ్మ రాసింది.

ఫోన్ చేసి అడిగాను. "అమ్మా, అందులో ఆ నీళ్ళ సీను లేదే?"

"లేదా?" అంది. కాసేపాగి, "ఉండాలి కదమ్మాయ్. నీళ్ళు తాక్కుండా పెళ్ళెట్టా చేసుకుంటాడూ?"

సోనాబాయి కథ రాసినాయనకి ఈ మాట తట్టలేదు. ప్రేమ కథ నిలబడాలంటే పిల్ల పుట్టుక మార్చాడు ఆయన. మా అమ్మ పుట్టుకని ఉన్నచోటే ఉంచి, అబ్బాయిని చెరువు గట్టు దాటించింది.

ఇప్పుడు ఆ పిల్లాడి రెండో ప్రశ్న. దానికి జవాబు నాకు అమెరికా నుంచి వచ్చిన ఒక నవలలో దొరికింది. ఆక్టేవియా బట్లర్ 'కిండ్రెడ్', 1979లో వచ్చింది. డానా అనే నల్లజాతి రచయిత్రి 1976లో లాస్ ఏంజెలెస్‌లో ఉంటుంది. ఉన్నట్టుండి బానిసత్వం నాటి మేరీలాండ్‌కి వెళ్ళి పడుతుంది. అక్కడ రూఫస్ అనే తెల్ల యజమాని కొడుకు ప్రాణం మీదికి వచ్చినప్పుడల్లా ఆమె వెళ్ళి కాపాడాలి. ఎందుకంటే అతను ఆమెకి పూర్వీకుడు. అతను చస్తే ఆమె వంశం లేదు. చదువుకున్న, స్వేచ్ఛగా బతికిన ఈ మనిషి అక్కడ కొన్నాళ్ళకే తలొంచడం నేర్చుకుంటుంది. బతకడానికి. ఆఖరుకి తిరిగొచ్చేటప్పుడు ఒక చెయ్యి అక్కడే పోగొట్టుకుంటుంది.

బట్లర్ వాళ్ళమ్మ తెల్లవాళ్ళ ఇళ్ళల్లో పనిమనిషి. వెనక గుమ్మం నుంచి వెళ్ళేది. ఆ తలొంపు చూసి చిన్నప్పుడు సిగ్గుపడ్డానని, ఆ పని వల్లే తన కడుపు నిండిందని తర్వాత అర్థమైందని బట్లర్ చెప్పుకుంది. నేనూ మా అమ్మ ఆయా ఉద్యోగం గురించి కాలేజీలో ఎవరికీ చెప్పేదాన్ని కాదు. ఇక్కడ రాయడమే మొదటిసారి.

ఆఖరి పుస్తకం మీకు తెలిసిందే. జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం', 2000లో వచ్చింది. చారిత్రక నవల అంటే మనకి కాకతీయులు, రాయలు. ఈ నవలలో చరిత్ర రూతు అనే ముసలామె జ్ఞాపకంలోంచి వస్తుంది. ఎల్లన్న పాటగాడు. వీధి భాగవతం ఆడతాడు. కొడుకు శివయ్య కాలానికి కరువు వస్తుంది. 1876 నుంచి 78 దాకా వచ్చిన ఆ కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం జరిగింది. ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ కొంత కాలువ పని కాంట్రాక్టు తీసుకుని మనవాళ్ళకి కూలి ఇప్పించాడు. 1878 జూలైలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మిషనరీ లెక్కల్లో వాళ్ళు ఒక అంకె. కళ్యాణరావు ఆ అంకెలో ఒక్కొక్కరికీ పేరు, పాట, ప్రేమ ఇచ్చాడు.

ఆ పిల్లాడికి ఈ రెండు పుస్తకాలూ చూపించి చెప్పాను. మన తాతలు ఊరుకోలేదురా. కొందరు జగ్గడిలా తిరగబడ్డారు, కొందరు డానాలా తలొంచి మనల్ని బతికించారు, కొందరు ఎల్లన్నలా పాట కట్టారు. అచ్చులో లేనంత మాత్రాన ఊరుకున్నట్టు కాదు. మా అమ్మ 'సెక్రటరీ' ఏ లైబ్రరీలోనూ లేదు.

వాడు 'అంటరాని వసంతం' తీసుకెళ్ళాడు. రెండు వారాల తర్వాత తిరిగిచ్చాడు. పేజీల మధ్య హాస్టల్ మెస్సు సాంబారు మరక. "ఆ డిటెక్టివ్ నవల నువ్వే రాయరాదా?" అన్నాను.

"సెమిస్టర్ పరీక్షలైపోయాక చూస్తా మేడమ్," అన్నాడు.

మిత్రులారా, మీకో పని. మీ ఇంట్లో అమ్మమ్మో, మేనత్తో సినిమానో నవలనో తన ఇష్టమొచ్చినట్టు మార్చి చెప్పి ఉంటుంది. ఏం మార్చిందో గుర్తు తెచ్చుకుని రాయండి. వాళ్ళు బతికుంటే ఇవాళే ఫోన్ చేసి అడగండి. మీరు రాసినవి కలిపి వచ్చే నెల ఒక భాగం వేద్దాం.

జై భీమ్.