సెమీఫైనల్ లెక్కలో చేరని అడుగులు

బాల్‌రూమ్ నృత్యంలో స్త్రీ ఎక్కువసేపు వెనక్కి నడుస్తుంది. వాల్ట్జ్ కానీ ఫాక్స్‌ట్రాట్ కానీ, ఎత్తు మడమల చెప్పులతో, తనకు కనిపించని దిక్కుకి, ముఖం మీద నవ్వు చెదరకుండా అడుగులు వేస్తుంది. దారి ఎటో పురుషుడు నిర్ణయిస్తాడు. అతనిది ‘లీడ్’, ఆమెది ‘ఫాలో’. ఈ రెండు మాటలు నృత్యానికి మాత్రమే సంబంధించినవి కావని మనకు వేరే చెప్పక్కర్లేదు.

అయితే ఈ నియమాలను రాసి స్థిరపరచిన వాళ్ళలో స్త్రీలే ముఖ్యులు కావడం చరిత్రలో ఒక వింత. లండన్‌లోని ఇంపీరియల్ సొసైటీ ఆఫ్ టీచర్స్ ఆఫ్ డాన్సింగ్ 1924లో బాల్‌రూమ్ శాఖను ఏర్పాటు చేసింది. ఏ అడుగు తరువాత ఏ అడుగు, శరీరం ఎంత వంగాలి, చెయ్యి ఎక్కడ ఉండాలి అన్నవన్నీ అక్కడే ఒక పద్ధతికి వచ్చాయి. అందులో విక్టర్ సిల్వెస్టర్ పేరు అందరికీ తెలుసు. అంతే పని చేసిన జోసెఫిన్ బ్రాడ్లీ పేరు నృత్యం నేర్చుకునే వాళ్ళకే తెలుసు. స్త్రీ వెనక్కి నడవాలన్న వ్యాకరణాన్ని స్త్రీలే పాఠంగా చెప్పి, దాని మీద సొంత బడులు నడిపి, సొంత సంపాదనతో నిలబడ్డారు. లొంగుబాటు నేర్పే వృత్తి వాళ్ళకి స్వతంత్రం ఇచ్చింది. ఈ వైరుధ్యం ఇప్పటికీ తీరలేదు.

2004లో బి.బి.సి. మొదలుపెట్టిన ‘స్ట్రిక్ట్లీ కమ్ డాన్సింగ్’ ఆ వ్యాకరణాన్నే శనివారం సాయంత్రపు వినోదం చేసింది. ఒక ప్రముఖ వ్యక్తి, ఒక వృత్తి నర్తకి లేక నర్తకుడు కలిసి జంట. సగం బలం న్యాయనిర్ణేతల మార్కులది, సగం ప్రేక్షకుల ఓట్లది. నేను చాలా సిరీస్‌లు రికార్డింగుల్లో చూశాను. వాటిలో 2008 డిసెంబరు 13 నాటి సెమీఫైనల్ దగ్గర మాత్రం ఆగిపోయాను.

ఆ రోజు మిగిలినవి మూడు జంటలు. గాయని రేచెల్ స్టీవెన్స్, మోడల్ లీసా స్నోడన్, నటుడు టామ్ చేంబర్స్, వాళ్ళ జోడీలు. మార్కుల వరసలో మొదటివారికి మూడు పాయింట్లు, రెండోవారికి రెండు, చివరివారికి ఒకటి. ప్రేక్షకుల ఓట్లకీ అదే లెక్క. రెండూ కలిపాక కింద మిగిలిన రెండు జంటలు మళ్ళీ నర్తిస్తే న్యాయనిర్ణేతలు ఒకరిని ఇంటికి పంపుతారు. తీరా చూస్తే రేచెల్, లీసా సమానంగా పైన నిలిచారు. ఇద్దరికీ మూడేసి పాయింట్లు, టామ్‌కి ఒకటి. ఓట్లలో టామ్ మొదటి స్థానంలో వచ్చినా మొత్తం నాలుగే. ఆడవాళ్ళిద్దరిలో ఒకరికి ఐదు వచ్చి తీరుతాయి. అంటే అతన్ని ఆ చివరి పరీక్ష నుంచి ఏ ఓటూ తప్పించలేదు. జనం డబ్బు పెట్టి ఓట్లు వేస్తున్నారు కదా! బి.బి.సి. ఎవరినీ పంపకుండా ముగ్గురినీ ఫైనల్‌కి తీసుకెళ్ళింది, ఓట్లనూ అక్కడికే మార్చింది. డిసెంబరు 20న టామ్ గెలిచాడు. రేచెల్ రెండో స్థానం, లీసా మూడో స్థానం.

ఓటర్లకి న్యాయం చెయ్యాలనే ఆ నిర్ణయం తీసుకున్నారు, కాదనను. కానీ ఇద్దరు స్త్రీలు కష్టపడి సంపాదించుకున్న సమానమైన మొదటి స్థానం ఆ సాయంత్రం ఒక ‘సమస్య’గా మారిపోయింది. మాటలన్నీ టామ్‌కి జరగబోయిన అన్యాయం చుట్టూ తిరిగాయి. పై స్థానంలో నిలిచినందుకు ఆ ఇద్దరికీ ఏం దక్కిందని ఎవరూ అడగలేదు.

ఇందులో నన్ను ఇంకా లోతుగా ఆలోచింపజేసిన మనిషి వేరే ఉంది. టామ్ జోడీ కెమిల్లా డాలెరప్. డెన్మార్క్‌లో పుట్టిన ఆ నర్తకి మొదటి సిరీస్ నుంచీ ఉంది. గెలిచింది ఈ ఒక్కసారే. నృత్యం రాని మగవాడికి జోడీ అయిన నర్తకి పని ఏమిటో గమనించారా? తాను వెనక్కి నడుస్తూనే అతన్ని తిప్పాలి, తాళం తప్పితే చేతి ఒత్తిడితో సరిదిద్దాలి, అయినా నడిపిస్తున్నది అతనే అని ప్రేక్షకులకి అనిపించాలి. అడుగు ఆమెది, కీర్తి అతనిది. ఇంటి చాకిరీ గురించి మనం ఇన్నేళ్ళుగా చెబుతున్నది ఇదే కదా?

అదే సిరీస్‌లో అరవై నాలుగేళ్ళ రాజకీయ పాత్రికేయుడు జాన్ సార్జెంట్ తన జోడీ క్రిస్టినా రిహానాఫ్‌ని పాసొ డోబ్లెలో నేల మీద ఈడ్చుకుపోతే జనం ముచ్చటపడ్డారు. నృత్యం రాకపోయినా వారం వారం ఓట్లతో నిలబెట్టారు. బాగా నర్తించిన యాభై ఆరేళ్ళ నటి చెరీ లుంఘీ వెళ్ళిపోయింది. చివరికి నవంబరు 19న, తాను గెలిస్తే బాగుండదని అతనే తప్పుకున్నాడు. చేతకానితనం మగవాడిలో ముద్దొస్తుంది. ఆడదానిలో ఎవరికి ముద్దొచ్చింది?

మరుసటి ఏడాది, 2009లో, న్యాయనిర్ణేతల్లో ఒకే ఒక స్త్రీ అయిన ఆర్లీన్ ఫిలిప్స్‌ని తప్పించి, ముప్పై ఏళ్ళ గాయని అలీషా డిక్సన్‌ని కూర్చోబెట్టారు. ఆర్లీన్‌కి అప్పుడు అరవై ఆరు. దశాబ్దాల పాటు నృత్యాలు కూర్చిన మనిషి. పక్క కుర్చీలో లెన్ గుడ్‌మన్‌కి అరవై ఐదు, వ్యాఖ్యాత బ్రూస్ ఫోర్సైత్‌కి ఎనభై ఒకటి. వాళ్ళెవరికీ వయసు అడ్డం రాలేదు. వయసు కారణం కాదని బి.బి.సి. అంది. అప్పటి సమానత్వ మంత్రి హారియట్ హార్మన్ పార్లమెంటులోనే దీన్ని తప్పుపట్టింది.

తెలుగు సాహిత్యంలో పరిశోధన చేసిన నాకు దీనితో పనేమిటని అడగొచ్చు. ఇదే షో 2006లో ‘ఝలక్ దిఖ్‌లా జా’గా మన ఇళ్ళలోకీ వచ్చింది. అంతకన్నా ముఖ్యం, నాకు మధురవాణి గుర్తొస్తుంది. ‘కన్యాశుల్కం’లో మగవాళ్ళందరూ తామే ఆమెను ఆడిస్తున్నామనుకుంటారు. కథని నడిపేది ఆమె. నడిపించే స్త్రీ తన నడకని దాచుకోవాల్సి రావడం లండన్‌లోనూ విజయనగరంలోనూ ఒకటే. తేడా ఒక్కటి. 1924 తరువాత అక్కడ నృత్యం నేర్పే స్త్రీ గౌరవనీయురాలైన టీచరమ్మ అయింది. ఇక్కడ అవే దశాబ్దాల్లో, 1947 మద్రాసు దేవదాసీ చట్టం దాకా సాగిన సంస్కరణ ఊపులో, కళావంతుల స్త్రీలు వృత్తినీ గౌరవాన్నీ రెంటినీ పోగొట్టుకున్నారు. వాళ్ళకి ఏ బడీ, ఏ పదవీ దక్కలేదు.

తరువాత కొంత మారింది. 2017లో ప్రధాన న్యాయనిర్ణేత కుర్చీలో షర్లీ బల్లాస్ కూర్చుంది. 2020లో బాక్సర్ నికోలా ఆడమ్స్, కాత్యా జోన్స్ జంటగా దిగారు. ఇద్దరూ స్త్రీలే. అలాంటి జంటలో లీడ్ చేతులు మారవచ్చు. ఒకరు ముందుకి నడిచి, మరుక్షణం వెనక్కి నడవవచ్చు. అంటే లీడ్ నేర్చుకునే విద్యే తప్ప మగపుట్టుకతో వచ్చే హక్కు కాదు. అది పుట్టుకతో వచ్చిందని ఇంతకాలం అనిపించడానికి కారణం, కెమిల్లా లాంటి వాళ్ళు తమ పనిని అంత నేర్పుగా దాచడమే. ఇకముందు ఇలాంటి పోటీ చూసేటప్పుడు మార్కుల బోర్డుని కాసేపు పక్కన పెట్టి, వెనక్కి నడిచే ఆ పాదాల్ని చూడండి.