కుదురు లేని పిల్లలు, మాట మారిన డాక్టర్లు

అడుగు గుండ్రంగా ఉన్న కుండ దొర్లిపోకుండా కింద పెట్టే చుట్టని కుదురు అనేవాళ్ళు. గడ్డితోనో పాతగుడ్డతోనో చుట్టేవాళ్ళు. కాలు ఒకచోట నిలవని పిల్లల్ని కూడా “వీడికి కుదురు లేదే” అని మన అమ్మమ్మలు అదే మాటతో తిట్టేవాళ్ళు. తిట్టి వదిలేసేవాళ్ళు. ఇప్పుడు అదే పిల్లవాడి కోసం స్కూల్లో టీచరుగారు తల్లిని పిలిపించి, “ఒకసారి డాక్టరుకి చూపించండి, ఏడీహెచ్‌డీ ఏమో” అంటున్నారు.

తల్లి పరుగెడుతుంది. ఒక డాక్టరు “మగపిల్లాడమ్మా, ఆ మాత్రం అల్లరి లేకపోతే ఎలా, పెద్దయితే అదే తగ్గుతుంది” అంటాడు. ఇంకొకాయన పావుగంట మాట్లాడి మందు చీటీ చేతిలో పెడతాడు. నాకు తెలిసిన ఇళ్ళలోనే ఈ రెండూ జరిగాయి. ఇద్దరూ పెద్ద చదువులు చదివినవాళ్ళే, మరి ఇంత తేడా ఎందుకు అని వెనక్కి వెళ్ళి చదవడం మొదలుపెట్టాను. ఈ తేడా నూట ఇరవై ఏళ్ళనుంచీ ఉంది. అప్పట్నుంచీ పిల్లలు ఒకేలా గెంతుతున్నారు. వాళ్ళని చూసే డాక్టర్ల కళ్ళే దశాబ్దానికొకసారి మారుతూ వచ్చాయి.

1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టరు, అక్కడి రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్‌లో మూడు ఉపన్యాసాలిచ్చాడు. తెలివికి లోటు లేకపోయినా తమని తాము అదుపులో పెట్టుకోలేని పిల్లల గురించి. 20 మందిని వివరంగా వర్ణించాడు, అందులో ఆడపిల్లలు 5 మందే. ఈ 5 అనే అంకె గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది. ఆయన దానికి పెట్టిన పేరు మాత్రం మనకి నచ్చదు. “నైతిక నిగ్రహ లోపం” అన్నాడు. అయితే ఒక న్యాయం చేశాడు. పెంపకం చక్కగా ఉన్న ఇళ్ళలోనూ ఇలాంటి పిల్లలు ఉన్నారనీ, ఇది ఒంట్లోంచి వచ్చే లోపమై ఉండాలనీ చెప్పాడు. తల్లి మీదికి తొయ్యలేదు.

ఆ తరవాత 1917 నుంచి ఓ పదేళ్ళపాటు ప్రపంచమంతా ఒక మెదడువాపు జ్వరం తిరిగింది. బతికి బయటపడ్డ పిల్లల్లో చాలామంది అంతకు ముందు నెమ్మదస్తులే అయినా అదుపు తప్పినట్టు తయారయ్యారు. దాంతో డాక్టర్లు, అల్లరి అంటే మెదడుకి దెబ్బ అనే ఆలోచనలో పడ్డారు. దెబ్బ కనపడకపోయినా “ఉండే ఉంటుంది, మరీ చిన్నది” అన్నారు.

అమెరికాలో రోడ్ ఐలండ్‌లో బ్రాడ్లీ అని ఒక ధనిక కుటుంబం ఉండేది. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు ఎమ్మాకి ఏడేళ్ళప్పుడు మెదడువాపు వచ్చింది, పిల్ల కోలుకోలేదు. ఎంత డబ్బున్నా చూపించడానికి తగిన చోటు దొరకలేదు. మాలాంటి వాళ్ళు ఇంకెందరున్నారో అని ఆ తల్లిదండ్రులు తమ ఆస్తిని ఆసుపత్రి కోసం రాసిపెట్టారు. 1931లో ఆమె పేరుతోనే పిల్లల మానసిక వైద్యశాల తెరిచారు. అక్కడ డాక్టరుగా ఉన్న వాళ్ళ బంధువు ఛార్లెస్ బ్రాడ్లీ మెదడు పరీక్షల కోసం పిల్లల వెన్నులోంచి నీరు తీయించేవాడు. ఆ పరీక్ష తరవాత పిల్లలకి భరించలేని తలనొప్పి వచ్చేది. అది తగ్గుతుందేమోనని బెంజెడ్రిన్ అనే ఉత్తేజకం ఇచ్చి చూశాడు. తలనొప్పి పెద్దగా తగ్గలేదు. చదువులు మాత్రం మారిపోయాయి!

ఆయన 30 మంది పిల్లల్ని మూడు వారాలు గమనించాడు. ఒక వారం మందు లేకుండా, ఒక వారం మందుతో, మళ్ళీ ఒక వారం మందు లేకుండా. పిల్లలు అక్కడే ఉండేవాళ్ళు కాబట్టి నర్సులు, టీచర్లు రోజంతా చూసి రాసిపెట్టేవాళ్ళు. దాదాపు సగం మంది క్లాసులో కుదురుగా కూర్చుని పని చేశారు. పిల్లలే వాటికి “లెక్కల మాత్రలు” అని పేరు పెట్టుకున్నారు. మందు ఆపేసిన రోజే మళ్ళీ మొదటికొచ్చారు. 1937లో ఇదంతా అచ్చులో వచ్చింది. మూడు వారాల గమనింపు ఎక్కడ, మన ఓపీలో పది నిమిషాలు ఎక్కడ అనిపించింది చదువుతుంటే.

ఇంత పెద్ద సంగతి అచ్చులో వస్తే మిగతా డాక్టర్లు ఎగబడాలి కదా. పాతికేళ్ళపాటు దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. ఎందుకంటే అప్పుడు అమెరికా మానసిక వైద్యం ఫ్రాయిడ్ శిష్యుల చేతిలో ఉంది. పిల్లల మనసులో చిక్కు ఉందంటే వేళ్ళు ఇంట్లోనే, ముఖ్యంగా తల్లి దగ్గరే ఉంటాయని వాళ్ళ నమ్మకం. తల్లి మరీ ముద్దు చేసినా తప్పే, చేయకపోయినా తప్పే. మందు అంటే లోపలి గాయం మీద గుడ్డ కప్పడమే అనేవాళ్ళు. మందు ఇవ్వని డాక్టరంటే మంచి డాక్టరనీ, ఇచ్చేవాడంటే తొందరపాటు మనిషనీ మనం అనుకుంటాం కానీ, ఆ రోజుల్లో మందు వద్దన్న చాలామంది, ఆ చేత్తోనే తల్లిని బోనులో నిలబెట్టారు.

స్విట్జర్లాండ్‌లో సీబా కంపెనీలో పనిచేసే లియాండ్రో పానిజోన్ అనే రసాయన శాస్త్రవేత్త 1944లో కొత్త మందు తయారు చేశాడు, మిథైల్‌ఫెనిడేట్. ఆయన భార్య మార్గరీట్‌కి రక్తపోటు తక్కువ. టెన్నిస్ ఆడేముందు ఆ మందు వేసుకునేదట. ఆమె ముద్దుపేరు రీటా మీదుగానే దానికి రిటాలిన్ అని పేరొచ్చింది. ముందు పెద్దవాళ్ళ నీరసానికీ దిగులుకీ ఇచ్చేవాళ్ళు. 1960ల్లో పిల్లల దగ్గరికి చేరింది.

అక్కణ్ణుంచి రెండు దేశాల డాక్టర్లు రెండు దారులు పట్టారు. అమెరికాలో టీచర్లు నింపే ప్రశ్నాపత్రాలు వచ్చాయి, 1969లో కీత్ కానర్స్ తయారు చేసినది అందులో పేరున్నది. మాత్రలు పెరిగాయి. 1970లో ఒమాహా ఊళ్ళో స్కూలు పిల్లలకి విచ్చలవిడిగా ఇస్తున్నారని పత్రికలో రావడంతో అక్కడి పార్లమెంటు విచారణ కూడా జరిపింది. బ్రిటన్ డాక్టర్లు మాత్రం బిగబట్టుకుని కూర్చున్నారు. ఇంట్లోనూ స్కూల్లోనూ కూడా మితిమీరి కదిలితేనే జబ్బు అనేవాళ్ళు. అమెరికాలో హైపరాక్టివ్ అనిపించుకున్న పిల్లవాడు సముద్రం దాటితే ఉత్త “ప్రవర్తన బాగాలేని పిల్లవాడు” అయిపోయేవాడు. ఇది మన అమెరికా అక్కచెల్లెళ్ళూ, లండన్ వదినలూ ఫోన్లలో ఒకరికొకరు చెప్పుకునే తేడాయే.

ఈ కథలో నాకు బాగా నచ్చిన మనిషి వర్జీనియా డగ్లస్. కెనడాలో మెక్‌గిల్ యూనివర్సిటీలో మనస్తత్వ శాస్త్రవేత్త. ఈ పిల్లల్లో అసలు చిక్కు కాళ్ళలో కాదు, ధ్యాస నిలవకపోవడంలో, ఆగి ఆలోచించలేకపోవడంలో ఉందని 1972లో రాసింది. 1980లో అమెరికా మానసిక వైద్యుల పుస్తకంలో జబ్బు పేరే మారి, “అవధాన లోపం” ముందుకొచ్చింది. దాంతో గెంతని పిల్లలు కూడా డాక్టర్ల కంటికి ఆనారు. కిటికీలోంచి చూస్తూ కూర్చునే ఆడపిల్ల, టిఫిన్ డబ్బా రోజూ మర్చిపోయే పిల్ల, “పరధ్యానం ఎక్కువ, పెళ్ళయితే సర్దుకుంటుంది” అనిపించుకునే పిల్ల. స్టిల్ డాక్టరుకి ఐదుగురే కనిపించింది ఎందుకో ఇప్పుడర్థమైంది కదా. పిల్లవాణ్ణి చూపించడానికి వెళ్ళి, డాక్టరు అడిగే ప్రశ్నలన్నీ తనకే సరిపోతున్నాయని నలభై ఏళ్ళకి తెలుసుకునే తల్లులు ఇప్పుడు చాలా దేశాల్లో ఉన్నారు.

మందా, శిక్షణా అనే గొడవ తేల్చాలని అమెరికాలో 579 మంది పిల్లలతో 14 నెలలు పెద్ద పరిశోధన చేసి 1999లో ఫలితాలు చెప్పారు. మందు ఇచ్చిన పిల్లల్లో లక్షణాలు బాగా తగ్గాయన్నారు. డాక్టర్లలో చాలామంది “మందే మేలు” అన్న ముక్క ఒక్కటే పట్టుకున్నారు. పక్కనే ఉన్న ముక్క వదిలేశారు. మామూలుగా తమ ఊరి డాక్టరు దగ్గరికే వెళ్ళిన పిల్లల్లో కూడా మూడింట రెండొంతుల మంది మందు వాడారు, కానీ వాళ్ళకి అంత గుణం రాలేదు. పరిశోధనలో మాత్రం నెలనెలా పిలిచి, టీచరుని అడిగి, మోతాదు సరిచేశారు. మూడేళ్ళయ్యాక చూస్తే ఏ గుంపుకీ ఏ గుంపుకీ పెద్ద తేడా మిగల్లేదు. మందు వాడుతున్న పిల్లల ఎదుగుదల కాస్త తగ్గిందని కూడా తేలింది.

2012లో కెనడా బ్రిటిష్ కొలంబియా నుంచి వచ్చిన లెక్క ఇంకా గుండె గుభేలుమనిపించేది. అక్కడ స్కూల్లో చేర్చడానికి డిసెంబరు 31 గడువు. అంటే డిసెంబరులో పుట్టినవాళ్ళు క్లాసులో అందరికన్నా చిన్న. జనవరిలో పుట్టినవాళ్ళతో పోలిస్తే ఆ చిన్న మగపిల్లలకి మందు రాసే అవకాశం 41 శాతం ఎక్కువ, ఆడపిల్లలకైతే 77 శాతం ఎక్కువ. పదకొండు నెలల చిన్నతనం కొందరు డాక్టర్లకి జబ్బులా కనిపించింది. మన దగ్గర ఒక ఏడాది కలిసొస్తుందని పుట్టినతేదీ మార్చి మరీ పిల్లల్ని పై క్లాసులో కూర్చోబెట్టే అలవాటు ఎన్ని ఇళ్ళలో ఉందో మీకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు బ్రిటన్ మార్గదర్శకాల్లో ఐదేళ్ళలోపు పిల్లలకి ముందు తల్లిదండ్రులకి శిక్షణ అని రాసి ఉంది. ఆ పైవాళ్ళకి ఇంట్లో, స్కూల్లో మార్పులు చేసి చూసి, అప్పటికీ ఇబ్బంది పోకపోతే మందు. మందు మొదలుపెడితే ఎత్తు, బరువు, గుండె వేగం, రక్తపోటు చూస్తూ ఉండాలి. మన దేశంలో మిథైల్‌ఫెనిడేట్ గట్టి నిఘా ఉన్న మందు, ప్రతి షాపులోనూ దొరకదు. అందుకని మన డాక్టర్లలో కొందరు అసలు రాయడానికే జంకుతారు. రాసినా ఇంట్లో పెద్దవాళ్ళు “పిచ్చి మందులా?” అని పారేయిస్తారు. ఆడపిల్లయితే, రేపు సంబంధాలప్పుడు ఎవరికైనా తెలిస్తే ఎలాగని, చీటీ మీద జబ్బు పేరు రాయొద్దని డాక్టర్నే బతిమాలే తల్లులున్నారు.