ఛాయాచిత్రమున చిక్కిన చిరు విమానము

ఎరిగిన విమానమును ఛాయాచిత్రమున గుర్తించుట అంత కష్టము కాదు. రెక్కల తీరు, తోక అమరిక, యంత్రముల సంఖ్య చూచి పట్టికతో పోల్చినచో చాలును. ఎవ్వరును కని విని ఎరుగని విమానమును గుర్తించుట యెట్లు? రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఈ చిక్కు సమస్య కాన్స్టన్స్ బాబింగ్టన్ స్మిత్ అను ఆంగ్ల వనిత బల్లమీదికి వచ్చెను.

యుద్ధమునకు పూర్వమామె విమానములనుగూర్చి పత్రికకు వ్యాసములు వ్రాసెడిది. పిదప థేమ్సు నదీ తీరమున మెడ్మెన్హామ్‌లోని వైమానిక దళ ఛాయాచిత్ర పరిశీలన కేంద్రమున విమాన శాఖకు అధిపతి యయ్యెను. సాధనములు స్వల్పములు: భూతద్దము, కొలబద్ద, స్టీరియోస్కోపు. ఒకే స్థలమును కొంత యెడముగా తీసిన రెండు చిత్రములను ఈ కడపటి పరికరము క్రింద నుంచి చూచినచో, మిట్టపల్లములు కన్నులకు కట్టును. అయినను కొలతయే ప్రధానము. 30,000 అడుగుల ఎత్తునుండి 36 అంగుళముల నాభ్యంతరముగల కటకముతో తీసిన చిత్రమున ప్రతి వస్తువును పదివేలవ వంతునకు కుదించుకొనిపోవును. రెక్కల కొననుండి కొనకు 100 అడుగులున్న బాంబరు 3 మిల్లీమీటర్లు. 20 అడుగుల విమానము ఆవగింజకన్న చిన్నది!

1943 జూనులో, బాల్టిక్ తీరమునందలి పీనెముండె చిత్రములలో, మామూలు తోక లేని చిన్న విమానములు కనబడెను. రెక్కల కొలత సుమారు 30 అడుగులగుటచే వానిని ‘పీనెముండె 30’ అనిరి. పేరు తెలియని దానికి కొలతయే పేరగుట ఎంతయు ఉచితము. అది రాకెట్టు శక్తితో ఎగురు మెసర్‌ష్మిట్ 163 అని తరువాత తేలినది.

ఆ నవంబరులో ఇంతకన్న చిన్నదానికై, మనిషి యెక్కని విమానమునకై, వెదకుమని ఆమెకు ఆజ్ఞ యయ్యెను. పాత చిత్రములు తిరుగవేయగా 20 అడుగుల లోపు శిలువ వంటి మసక రూపమొకటి దొరకెను. అంతట ఆమె దృష్టి విమానాశ్రయము దాటి సముద్రపుటొడ్డునకు పోయెను. అచ్చట ఏటవాలు కట్టడములు కొన్ని కలవు. లోగడ చూచినవారు వానిని బురద తోడు యంత్రములకు సంబంధించినవని త్రోసివేసిరి. వారు అసమర్థులు కారని శ్రోతలు గమనింపవలెను. విమానములను వెదకువారు విమానాశ్రయముననే వెదకుట సహజము గదా! నవంబరు 28న తీసిన క్రొత్త చిత్రమున, ఆ వాలుపై, ఆ చిన్ని శిలువయే నిలిచియుండెను.

ఉత్తర ఫ్రాన్సు అడవులలో, లండను వైపు గురిపెట్టినట్లున్న కట్టడముల మర్మము దీనితో విడిపోయెను. డిసెంబరులో వానిపై బాంబుల వర్షము కురిసినది. జర్మనులు వానిలో పెక్కింటిని విడిచి, తేలికపాటి స్థావరములను వేరొకచోట నిర్మించుకొనవలసివచ్చెను. తొలి ఎగురు బాంబు లండనుపై పడుటకు 1944 జూను 13 వరకు పట్టినది.